వేడికి కళ్లద్దాల లెన్సులు పాడవకుండా చూసుకోవడం: సమగ్ర మార్గదర్శి

ఏటా ఎండలు ముదిరేసరికి చాలామంది ఒకే ప్రశ్న అడుగుతారు. కారులో వదిలేసిన కళ్లద్దాల మీద సన్నని గీతల అల్లిక కనిపిస్తోంది, ఎంత తుడిచినా పోవడం లేదు, దీన్ని బాగుచేయవచ్చా అని. బాగుచేయడం కుదరదు. అవి లెన్సు మీది కోటింగ్ వేడికి పగిలి ఏర్పడిన చీలికలు. అయితే అలా పగలకుండా చూసుకోవడం చాలావరకు మన చేతిలోనే ఉంది, దానికి పైసా ఖర్చు కూడా లేదు.

ఈ వ్యాసం పవర్ కళ్లద్దాల గురించి, చలువ కళ్లద్దాల గురించి మాత్రమే. వరుస తప్పకుండా చదివితే ఉపయోగం ఎక్కువ. మీ కళ్లద్దాలు ఇప్పటికే వేడెక్కి ఉంటే మాత్రం నేరుగా ఏడో భాగానికి వెళ్లండి.

1. ముందు మీ లెన్సు ఏదో తెలుసుకోండి

లెన్సుతో పాటు ఇచ్చిన కవరు గానీ, బిల్లు గానీ తీసి చూడండి. దాని మీద 1.50, 1.56, 1.60, 1.67, 1.74 వంటి అంకె ఒకటి ఉంటుంది. అది వక్రీభవన గుణకం, అంటే లెన్సు పదార్థం కాంతిని ఎంతగా వంచుతుందో చెప్పే అంకె. ఆ అంకెను బట్టి పదార్థాన్ని చాలావరకు గుర్తుపట్టవచ్చు.

• గాజు: గుణకం సుమారు 1.52. చేతికి బరువుగా, చల్లగా తగులుతుంది. గోటితో తడితే ఖంగుమంటుంది.

• సీఆర్-39: గుణకం 1.50. దుకాణాల్లో ఫైబర్ అని అడిగితే చాలాసార్లు ఇచ్చేది ఇదే. ఒకసారి గట్టిపడ్డాక మళ్లీ కరగని రకం ప్లాస్టిక్.

• పాలీకార్బొనేట్: గుణకం 1.59. తేలిక, సులువుగా పగలదు. పిల్లల కళ్లద్దాలకూ ఆటలకూ వాడతారు. 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది.

• సన్నని లెన్సులు: 1.60, 1.67, 1.74. ఎక్కువ పవర్ ఉన్నవారికి వేసేవి.

సన్నని లెన్సుల దగ్గర ఒక అపోహ ఉంది. ఖరీదు ఎక్కువ కాబట్టి వేడిని కూడా ఎక్కువగా తట్టుకుంటాయని చాలామంది అనుకుంటారు. వాస్తవం దాదాపు దీనికి విరుద్ధం. 1.60 లెన్సులకు విరివిగా వాడే ఎంఆర్-8 అనే పదార్థం సుమారు 118 డిగ్రీల దగ్గర ఆకారం కోల్పోవడం మొదలుపెడితే, 1.67లో వాడే ఎంఆర్-7కు ఆ హద్దు సుమారు 85 డిగ్రీలు, 1.74లో వాడే ఎంఆర్-174కు సుమారు 78 డిగ్రీలు మాత్రమే. కాబట్టి మీవి 1.67 లేదా 1.74 అయితే కింద చెప్పే జాగ్రత్తలను మరింత పట్టుదలగా పాటించండి.

ఇక కోటింగ్ ఉందో లేదో చూడాలి. ట్యూబులైటు కింద నిలబడి, లెన్సులో లైటు ప్రతిబింబం పడేలా పట్టుకోండి. ప్రతిబింబం తెల్లగా, ప్రకాశవంతంగా ఉంటే యాంటీ గ్లేర్ కోటింగ్, అంటే ప్రతిబింబాలను తగ్గించే పొర, లేనట్టే. ఆకుపచ్చగానో, నీలంగానో, ఊదాగానో మసకగా ఉంటే కోటింగ్ ఉన్నట్టు. బ్లూ కట్ అని అమ్మే లెన్సుల్లో చాలావాటికి నీలం ప్రతిబింబం కనిపిస్తుంది.

2. వేడి లెన్సును ఏం చేస్తుంది

ఈ భాగం అర్థమైతే మిగతా జాగ్రత్తలన్నీ ఎవరూ చెప్పకుండానే తోస్తాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

యాంటీ గ్లేర్ కోటింగ్ అంటే సిలికా, జిర్కోనియా, టైటానియం డయాక్సైడ్ వంటి ఖనిజ పదార్థాలను శూన్యంలో ఆవిరి చేసి, లెన్సు మీద పొర మీద పొరగా పేర్చినది. పొరలన్నీ కలిపినా మిల్లీమీటరులో వెయ్యోవంతు కూడా మందం ఉండదు. దాని కింద గీతలు పడకుండా కాపాడే హార్డ్ కోటు ఉంటుంది, దాని కింద అసలు ప్లాస్టిక్. అంటే మెత్తని ప్లాస్టిక్ మీద పెళుసైన ఖనిజపు పొర అతికి ఉందన్నమాట.

ఇప్పుడు 50 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒక లెన్సును తీసుకుందాం. గదిలో 30 డిగ్రీల దగ్గర ఉన్న ఆ లెన్సు కారు డ్యాష్‌బోర్డు మీద 70 డిగ్రీలకు చేరిందనుకోండి. పెరిగినది 40 డిగ్రీలు. సీఆర్-39 అయితే సుమారు 0.22 మిల్లీమీటర్లు సాగుతుంది. పాలీకార్బొనేట్ అయితే సుమారు 0.14 మిల్లీమీటర్లు. గాజు అయితే 0.02 మిల్లీమీటర్లకు మించదు. పైనున్న సిలికా పొర మాత్రం, దాన్ని విడిగా వేడి చేస్తే, 0.001 మిల్లీమీటరు సాగుతుందంతే.

కింద ఉన్న ప్లాస్టిక్ 0.22 సాగుతానంటుంది, పైనున్న పొర 0.001 దగ్గరే ఆగిపోతానంటుంది. రెండూ ఒకదానికొకటి అతికి ఉన్నాయి. బలంగా ఉన్న ప్లాస్టిక్ తన దారిన సాగుతుంది, పెళుసైన పొర ఆ లాగుడును కొంతవరకు ఓర్చుకుని, ఆ తర్వాత అడ్డంగా, నిలువుగా చిట్లిపోతుంది. చల్లారాక ప్లాస్టిక్ తన పూర్వపు కొలతకు వస్తుంది, చీలికలు దగ్గరకు చేరతాయి, కానీ అతుక్కోవు. ఏటవాలు వెలుతురులో చూస్తే నీళ్లు ఎండిపోయిన చెరువు అడుగు లాగా కనిపిస్తుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. రాయి అయినా, కోటింగ్ అయినా ఒక భాగం సాగి మరో భాగం సాగకపోతేనే పగులుతుంది.

గాజు లెన్సుల మీద ఈ గొడవ చాలా తక్కువ. గాజు సాగేదే తక్కువ. పైగా గాజు మీద కోటింగ్‌ను 300 డిగ్రీల దాకా వేడి చేసి వేయవచ్చు కాబట్టి అది గట్టిగా పట్టుకుంటుంది. ప్లాస్టిక్‌ను అంత వేడి చేయలేరు, అందుకే దాని మీద తక్కువ వేడిలోనే వేయాల్సి వస్తుంది.

ఇందులోంచి రెండు సంగతులు తేలుతున్నాయి. మొదటిది, లెన్సు కరగడానికి ఎంతో ముందే కోటింగ్ పాడవుతుంది, కాబట్టి లెన్సు వంగలేదు కదా అని నిశ్చింతగా ఉండకూడదు. రెండోది, ఎంత వేడి అన్నదే కాదు, ఎంత వేగంగా, లెన్సులో ఎంత చిన్న చోట తగిలింది అన్నది కూడా ముఖ్యమే. హెయిర్ డ్రయ్యర్ గాలి ఒకే చోట తగిలినప్పుడు ఆ చోటు సాగుతుంది, పక్కది సాగదు. అందుకే అది అరనిమిషంలో చేసే చెరుపు ఎక్కువ.

3. హద్దు ఎక్కడ పెట్టుకోవాలి

కోటింగ్ ఉన్న ప్లాస్టిక్ లెన్సును 60 డిగ్రీలు దాటనివ్వకూడదన్నది మంచి హద్దు. కొన్ని కోటింగులు అంతకు మించి తట్టుకుంటాయి, కానీ మీది ఏదో మీకు తెలియదు. పాతబడిన కోటింగ్, ఇప్పటికే గీతలు పడిన కోటింగ్ మరీ తొందరగా లొంగిపోతాయి.

థర్మామీటరు అందరి దగ్గరా ఉండదు. దానికి బదులు ఒక చిన్న పరీక్ష చాలు: మీ అరచేతిని ఐదు సెకన్లు ఆనించి ఉంచలేని చోట కళ్లద్దాలు పెట్టకండి.

ఎక్కడ ఎంత వేడి ఉంటుందో తెలియాలంటే కారునే చూడండి. అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో వెలువరించిన కొలతల ప్రకారం, బయట 38 డిగ్రీలు దాటిన రోజున ఎండలో గంటసేపు నిలిపిన కారు డ్యాష్‌బోర్డు సగటున 69 డిగ్రీలకు, సీటు 50 డిగ్రీలకు కాస్త పైకి, లోపలి గాలి 47 డిగ్రీలకు చేరాయి. నీడలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు 48 డిగ్రీల దగ్గరే ఉంది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెలలో బయటే 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు కాబట్టి, మన దగ్గర ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు 60 డిగ్రీల హద్దు దాటుతుందనే లెక్కలో పెట్టుకోవాలి.

ఇక్కడ ఒక భయం తీర్చాలి. కళ్లద్దాలు పెట్టుకుని ఎండలో నడిచినా, బండి నడిపినా, పొలంలో పనిచేసినా లెన్సుకు ఏమీ కాదు. ముఖం మీద ఉన్నప్పుడు గాలి తగులుతూనే ఉంటుంది, లెన్సు ఆ హద్దు దరిదాపులకు కూడా రాదు. ఎండకు భయపడి కళ్లద్దాలు తీసి కారులో పెట్టడమే అసలు ప్రమాదం.

4. ఎక్కడ పెట్టకూడదు, ఎక్కడ పెట్టాలి

పెట్టకూడని చోట్లు ఇవి:

☐ కారు డ్యాష్‌బోర్డు, వెనక అద్దం కింది పలక
☐ కారు సన్‌వైజర్‌కు తగిలించే క్లిప్పు
☐ స్కూటరు సీటు కింది డిక్కీ
☐ ఎండలో బండికి తగిలించిన హెల్మెట్ లోపల
☐ పొయ్యి పక్కనున్న అర, ఇస్త్రీ బల్ల
☐ నేరుగా ఎండ పడే కిటికీ గట్టు

స్కూటరు డిక్కీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నీడగా, మూసి ఉంటుంది కదా అని చాలామంది అందులో పెడతారు. పెట్రోలు స్కూటర్లలో ఆ పెట్టె కిందే ఇంజను ఉంటుంది. బండి ఆపాక ఇంజను వేడి పైకే వస్తుంది, పైనుంచి సీటు మీద ఎండ కాస్తూ ఉంటుంది. రెంటి మధ్యా కళ్లద్దాలు చిక్కుకుంటాయి.

గట్టి డబ్బాలో పెట్టాను కదా అనే సమాధానం కూడా చాలదు. డబ్బా నేరుగా పడే ఎండను ఆపుతుంది గానీ, కారు లోపలి గాలి వేడెక్కితే డబ్బాలోని గాలి కూడా కొద్దిసేపటికి అంతే వేడెక్కుతుంది.

కిటికీ గట్టు విషయంలో లెన్సుతో పాటు ఇంటి క్షేమం కూడా చూసుకోవాలి. దగ్గరి చూపుకు వాడే ప్లస్ పవర్ లెన్సు సూర్యకాంతిని ఒక బిందువు దగ్గర కేంద్రీకరిస్తుంది. ప్లస్ 2.50 లెన్సు అయితే ఆ బిందువు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. పవర్ పెరిగేకొద్దీ దగ్గరవుతుంది, వేడి కూడా తీవ్రమవుతుంది. చదివే భూతద్దాలకు ఇది మరింతగా వర్తిస్తుంది. వాటిని ఎండ పడే చోట కాగితాల మీద వదిలేయకండి.

పెట్టవలసిన చోటు ఒక్కటే: మీతో పాటు వచ్చే సంచిలో, గట్టి డబ్బాలో. కారు దిగుతున్నప్పుడు ఫోను తీసుకున్నట్టే కళ్లద్దాలూ తీసుకోవడం అలవాటు చేసుకోండి. కారులో ఒక జత ఎప్పుడూ ఉండాలనుకునేవారు కోటింగ్ లేని మామూలు సీఆర్-39 జతను అందుకు కేటాయించి, సీటు కింద నీడ పట్టున ఉంచడం మేలు.

5. కడగడం, ఆరబెట్టడం

వేడినీళ్లు వాడకండి. గీజరు నుంచి నేరుగా వచ్చే నీళ్లు చాలా ఇళ్లలో 60 డిగ్రీల దగ్గరే ఉంటాయి. స్నానం చేసేటప్పుడు కళ్లద్దాలను కూడా అదే నీటి కింద పట్టడం చాలామందికి అలవాటు, దాన్ని మానుకోవాలి.

1) కుళాయి నీళ్ల కింద లెన్సుల మీది దుమ్మంతా పోనివ్వండి. వేసవి మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు కాగిపోయి వస్తాయి కాబట్టి, ఆ వేళ బిందెలోని నీళ్లు వాడండి.

2) గిన్నెలు తోమే ద్రవంలో ఒక చుక్క వేళ్లకు రాసుకుని, లెన్సుకు రెండు వైపులా, ముక్కు ప్యాడ్ల దగ్గరా మెల్లగా రుద్దండి.

3) మళ్లీ కడిగి, నీళ్లు దులిపి, శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో అద్దండి.

4) ఫ్యాను గాలికి ఆరనివ్వండి. హెయిర్ డ్రయ్యర్, పొయ్యి సెగ, ఎండ పనికిరావు.

చెమట ఎక్కువ పట్టే రోజుల్లో సాయంత్రం ఇంటికి రాగానే ఒకసారి కడగండి. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో ఏసీ గదిలోంచి బయటికి రాగానే లెన్సులు ఆవిరి పట్టి మసకబారతాయి. దానివల్ల లెన్సుకు నష్టం లేదు. కానీ ఆ తడి మీద చొక్కా అంచుతో రుద్దితే దుమ్ము గీతలు పెడుతుంది. ఒక్క నిమిషం ఆగితే ఆవిరి దానంతటదే పోతుంది.

6. నిప్పు దగ్గర పనిచేసేవారికి, ఫ్రేము సరిచేయించుకునేవారికి

ఓవెన్ తలుపు తీసేటప్పుడు ముఖం దగ్గర పెట్టకండి. తలుపు తెరిచి, ఒక అడుగు వెనక్కు వేసి, మొదటి సెగ పోయాక వంగండి. ప్రెషర్ కుక్కరు మూత తీసేటప్పుడు కూడా అంతే. మామూలు గ్యాసు పొయ్యి ముందు నిలబడి వంట చేస్తే లెన్సుకు ఏమీ కాదు. తందూరు భట్టీలోకి తొంగి చూసేవారు, హోమగుండం పక్కనే గంటల తరబడి కూర్చునే పురోహితులు, ఇటుక బట్టీ దగ్గర పనిచేసేవారు మాత్రం యాంటీ గ్లేర్ కోటింగ్ లేకుండా హార్డ్ కోటు మాత్రమే ఉన్న లెన్సును పని జతగా ఉంచుకోవాలని గట్టిగా చెబుతాను. కోటింగ్ లేకపోతే రాత్రి వెలుతురులో మెరుపు కాస్త ఎక్కువే, కానీ ఆ జత ఏళ్ల తరబడి నిలుస్తుంది.

వెల్డింగ్, గ్రైండింగ్ పనుల్లో ఎగిరే నిప్పురవ్వలు గాజు లెన్సుకు అంటుకుని గుంటలు పెడతాయి. సీఆర్-39 ఈ రవ్వలను గాజు కంటే బాగా తట్టుకుంటుంది. అయినా ఏ పవర్ కళ్లద్దాలూ రక్షణ కళ్లద్దాలకు బదులు కావు. పైన తగిన రక్షణ ఉండి తీరాలి.

ఇక ఫ్రేము. అసిటేట్ ఫ్రేమును, అంటే మందపాటి షెల్ ఫ్రేమును, వంచాలంటే వేడి చేయక తప్పదు. కాడలు బిగుతుగా ఉన్నాయని చెప్పగానే దుకాణంలో కళ్లద్దాలను అలాగే హీటరు ముందు పట్టడం తరచుగా జరుగుతుంది. ఎండ కంటే ముందు ఇక్కడే పాడైన లెన్సులు చాలా ఉన్నాయి. మర్యాదగా, ముందుగానే ఈ నాలుగు మాటలు చెప్పండి:

☐ నా లెన్సులకు యాంటీ గ్లేర్ కోటింగ్ ఉంది.
☐ కాడ ఒక్కటే సరిచేయాలంటే కాడ కొనను మాత్రమే వేడి చేయండి.
☐ ముందు భాగం సరిచేయాలంటే లెన్సులు తీసేసి వేడి చేయండి.
☐ వేడి ఫ్రేమును చల్లని నీళ్లలో ముంచాల్సి వస్తే లెన్సు లేకుండా ముంచండి.

టీఆర్-90 ఫ్రేములు నైలాన్ జాతివి, వేడికి అసిటేట్ లాగా లొంగవు. వాటిని వంచాలని హీటరు ముందు ఎక్కువసేపు పట్టుకుంటే ఫ్రేము వంగదు, లెన్సు మాత్రం పాడవుతుంది. ఇంట్లో కొవ్వొత్తి, అగ్గిపుల్ల, ఇస్త్రీపెట్టెతో ఫ్రేము వంచే ప్రయత్నం అసలు చేయకండి.

7. పొరపాటున వేడెక్కితే ఏం చేయాలి

కారు తలుపు తీయగానే డ్యాష్‌బోర్డు మీద కళ్లద్దాలు కనిపించాయి, పట్టుకుంటే కాలుతున్నాయి. అప్పుడు చేయవలసినవి వరుసగా ఇవి.

1) కాడలు పట్టుకుని తీయండి. అసిటేట్ ఫ్రేము మెత్తబడి ఉండవచ్చు కాబట్టి రెండు చేతులతో, వంచకుండా తీయండి.

2) నీడలో, మెత్తని గుడ్డ మీద, లెన్సులు పైకి ఉండేలా పెట్టండి. కాడలు మడవకండి.

3) చల్లని నీళ్లు పోయకండి, ఏసీ గాలి ముందు పట్టకండి. ఉన్నట్టుండి చల్లబడితే లెన్సు పైభాగం ముందు ముడుచుకుని, లోపలి భాగం ఇంకా సాగి ఉంటుంది. మొదటి వేడికి తట్టుకున్న కోటింగ్ కూడా ఈ దెబ్బకు లేచిపోవచ్చు.

4) పావుగంట నుంచి ఇరవై నిమిషాలు ఆగండి. అప్పటిదాకా తుడవకండి.

5) మామూలు నీళ్లతో కడిగి, ఎనిమిదో భాగంలో చెప్పిన పరీక్షలు చేయండి.

8. ఏ దెబ్బ తగిలిందో పరీక్షించడం

లెన్సును బాగా కడిగి ఆరబెట్టాకే ఈ పరీక్షలు చేయాలి. ట్యూబులైటు ప్రతిబింబం లెన్సు మీద పడేలా పట్టుకుని, మెల్లగా అటూ ఇటూ వంచుతూ చూడండి.

• అన్ని దిక్కులకూ పాకి, ఒకదాన్నొకటి కోసుకునే సన్నని గీతల అల్లిక ఉండి, గోరు దానిమీద జారుతూ ఎక్కడా తగలకపోతే, అది వేడికి పగిలిన కోటింగ్. రాత్రి ఎదురు బండ్ల లైట్ల చుట్టూ మసక వలయాలు కనిపిస్తాయి.

• విడివిడిగా, ఇష్టం వచ్చిన దిక్కుకు ఉన్న గీతలు, గోటికి తగిలేవి: మామూలు గీతలు. వీటికీ వేడికీ సంబంధం లేదు.

• మచ్చలు మచ్చలుగా పొర లేచి, ఆ చోట ప్రతిబింబం రంగు మారితే: కోటింగ్ ఊడుతోంది. చెమట, ఘాటైన రసాయనాలు, వేడి కలిసి చేసే పని ఇది.

• ముక్కు వైపు స్క్రూ దగ్గరో, లెన్సు అంచుల వెంటో మాత్రమే చీలికలుంటే: ఫ్రేము బిగుతు కారణం. లెన్సును కాస్త పెద్దగా కోసి, లోహపు ఫ్రేములో బిగించినప్పుడు, వేడికి ప్లాస్టిక్ లెన్సు ఫ్రేము కంటే ఎన్నో రెట్లు సాగి, దారి లేక తనలో తానే నలుగుతుంది.

చివరిదాన్ని ఇంట్లోనే నిర్ధారించుకోవచ్చు. లాప్‌టాప్‌లో తెల్లని తెర తెరిచి, పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలలోంచి (ఒకే దిక్కులో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చేవి) చూస్తూ, వాటిని తిప్పండి. ఒక కోణంలో తెర నల్లబడుతుంది. నల్లబడకపోతే మరో తెర వెతుక్కోండి. నల్లబడిన స్థితిలో, తెరకూ చలువ కళ్లద్దాలకూ మధ్య మీ పవర్ కళ్లద్దాలను పట్టుకోండి. అంచుల దగ్గర తెల్లగా మెరిసే పట్టీలు కనిపిస్తే అక్కడ ఒత్తిడి ఉన్నట్టు. స్క్రూను పావు మలుపు వదులు చేస్తే ఆ మెరుపు తగ్గాలి. తగ్గకపోతే దుకాణంలో లెన్సు అంచును కాస్త అరగదీయించాలి. పాలీకార్బొనేట్ లెన్సు విషయంలో ఈ పరీక్షను నమ్మకండి. అచ్చు పోసేటప్పటి ఒత్తిడి దానిలో మిగిలిపోయి, ఏ బిగుతూ లేకపోయినా రంగులు చూపిస్తుంది.

పగిలిన కోటింగ్‌ను టూత్‌పేస్టుతో, వంట సోడాతో, కారు పాలిష్‌తో రుద్ది పోగొట్టవచ్చని చెప్పే సలహాలు విరివిగా తిరుగుతున్నాయి. అవి హార్డ్ కోటును కూడా గీసేసి, మిగిలిన కాస్త స్పష్టతను కూడా పాడుచేస్తాయి.

9. పవర్ మారినట్టు అనిపిస్తే

కళ్లద్దాలు వేడెక్కిన తర్వాత చూపు తేడాగా ఉందని, లెన్సు పవర్ కరిగిపోయిందేమోనని భయపడతారు. లెక్క చూద్దాం. వేడికి ప్లాస్టిక్ వక్రీభవన గుణకం డిగ్రీకి సుమారు 0.0001 చొప్పున తగ్గుతుంది. లెన్సు సాగడంతో వంపు కూడా కొద్దిగా మారుతుంది. రెండూ కలిపి చూసినా ప్లస్ 4.00 పవర్ లెన్సు 40 డిగ్రీలు వేడెక్కితే తగ్గేది సుమారు 0.05 డయాప్టర్లు (లెన్సు పవర్‌ను కొలిచే ప్రమాణం). కళ్లద్దాలు ఇచ్చేది 0.25 మెట్లలో కాబట్టి ఈ తేడాను కన్ను పట్టుకోలేదు. పైగా చల్లారగానే పాత విలువకు వచ్చేస్తుంది.

అసలు మారేది ఎక్కువగా ఫ్రేము. మెత్తబడినప్పుడు ముందు భాగం మెలి తిరిగినా, ఒక కాడ బయటికి వంగినా, లెన్సు కేంద్రం కంటిపాపకు ఎదురుగా ఉండదు. ప్రోగ్రెసివ్ లెన్సు (దూరపు చూపు, దగ్గరి చూపు రెండూ ఒకే లెన్సులో ఉండేది) వాడేవారికి రెండు మిల్లీమీటర్ల తేడా కూడా చదివేటప్పుడు తెలిసిపోతుంది.

చేయవలసిన పరీక్ష సులువు. కాడలు తెరిచి, కళ్లద్దాలను బల్లమీద తలకిందులుగా పెట్టండి. రెండు కాడలూ, ఫ్రేము పై అంచు రెండు వైపులా బల్లకు ఆనాలి. ఏదో ఒకటి లేచి ఊగుతుంటే ఫ్రేము మెలి తిరిగినట్టే. దుకాణానికి తీసుకెళ్లి సరిచేయించండి. అప్పటికీ చూపు తేడాగానే ఉంటే లెన్సు పవర్‌ను కొలిచే లెన్సోమీటరులో పవర్ చూడమనండి, అదీ సరిగా ఉంటే కంటి పరీక్ష చేయించుకోండి. ఈ వరుస తప్పితే అనవసరంగా కొత్త లెన్సులకు డబ్బు పెడతారు.

10. ఫొటోక్రోమిక్, పోలరైజ్డ్ లెన్సులు

ఎండలో నల్లబడే ఫొటోక్రోమిక్ లెన్సులు మే నెలలో సరిగా నల్లబడడం లేదని ఫిర్యాదు వస్తుంది. అది లోపం కాదు. అతినీలలోహిత కిరణాలు తగిలితే అందులోని అణువులు నల్లబడతాయి, వేడి వాటిని తిరిగి తెల్లబరుస్తుంది. వేసవిలో రెండూ ఒకేసారి పనిచేస్తాయి కాబట్టి డిసెంబరు ఎండలో నల్లబడినంతగా నల్లబడవు. కారు లోపల ఇంకా తక్కువ, ఎందుకంటే ముందు అద్దమే ఆ కిరణాలను చాలావరకు ఆపేస్తుంది. ఎండలో గంటల తరబడి బండి నడిపేవారు దీనికి బదులు పవర్ వేసిన చలువ కళ్లద్దాలు తీసుకోవడం నయం.

పోలరైజ్డ్ లెన్సుల్లో రెండు పొరల మధ్య సన్నని ఫిల్ము ఉంటుంది. వేడికి పొరలు వేరైతే అంచుల దగ్గర ఇంద్రధనుస్సు రంగుల మరకలో, బుడగలో కనిపిస్తాయి. ఒకసారి విడిపోయిన పొరలు మళ్లీ అతుక్కోవు.

11. మార్చుకోవలసి వస్తే

చీలికలు అంచులకే పరిమితమై చూపుకు అడ్డు రాకపోతే వెంటనే మార్చనవసరం లేదు. నడిమధ్యలో ఉంటే, ముఖ్యంగా రాత్రి బండి నడిపేవారు, ఆలస్యం చేయకండి. ఒక లెన్సే పాడైనా, రెండూ కలిపి మార్చుకోవడం మంచిది. కొత్తదానికీ పాతదానికీ కోటింగ్ రంగు తేడా ఉంటే ముఖం మీద వెంటనే తెలుస్తుంది, పాతదానికి కూడా అదే వేడి తగిలి ఉంటుంది.

డబ్బు ఇచ్చే ముందు ఇవి అడిగి, బిల్లు మీద రాయించుకోండి:

☐ లెన్సు పదార్థం, గుణకం
☐ కోటింగ్ పేరు, దానికి వారంటీ ఎన్ని నెలలు
☐ వేడికి పగిలితే ఆ వారంటీ వర్తిస్తుందా
☐ ఫిటింగ్ వల్ల అంచుల దగ్గర చీలికలు వస్తే దుకాణం బాధ్యత తీసుకుంటుందా

కొత్త కళ్లద్దాలు చేతికి రాగానే, కౌంటరు దగ్గరే, ట్యూబులైటు కింద ప్రతిబింబం చూసుకోండి. లెన్సు బిగించేటప్పుడు పగిలిన కోటింగ్ అప్పుడే కనిపిస్తుంది. ఇంటికి వెళ్లాక చూపిస్తే ఎండలో పెట్టారేమో అంటారు, కాదని నిరూపించడం కష్టం.